అమ్మేసిన ఇంటికి వచ్చిన చెక్కు

నాన్న తీసిన ఒకే ఒక్క సినిమా రెండో వారం చూడలేదు. దానికోసం తాకట్టు పెట్టిన ఫిల్మ్‌నగర్ ఇంటిని ఫైనాన్స్ కంపెనీవాళ్లు వేలం వేశారు. అప్పూ వడ్డీ పోగా కొంత మిగిలిందనీ, అది మాకే వస్తుందనీ తెలిసేసరికి మేం మోతీనగర్‌లో అద్దెకుంటున్నాం.

డిగ్రీ చదువుతున్న నన్ను వెంటబెట్టుకుని నాన్న వాళ్ల ఆఫీసుకు వెళ్లారు.

"చెక్కు రిజిస్టర్డ్ పోస్టులో పంపుతామండీ, రికార్డులో ఉన్న అడ్రసుకి," అన్నాడు గుమాస్తా.

"ఆ ఇల్లు మీరే అమ్మేశారు కదండీ!"

"అడ్రసు మార్చాలంటే మీరు ఆ పాత అడ్రసులోనే ఉంటున్నట్టు రుజువు తేవాలండీ."

దాంతో నాన్న రోజూ ఇస్త్రీ చొక్కా వేసుకుని, పోస్ట్‌మ్యాన్ కోసం మా పాత ఇంటికి వెళ్లి కూర్చునేవారు. కొన్నాయన ఆ ఇంటిని షూటింగులకు అద్దెకిస్తున్నాడు. వాచ్‌మన్ మాత్రం పాతవాడే. కుర్చీ వేసి, "జర నీడకు కూసోండి సార్. ఇల్లు మీదే అనుకోండి," అనేవాడు.

ఒకరోజు నేను క్యారియర్ పట్టుకెళ్లేసరికి అక్కడ ఇల్లు వేలం వేసే సీను తీస్తున్నారు. ఇంటి యజమాని వేషగాడు రాలేదు. డైరెక్టరు కన్ను నాన్న మీద పడింది.

"పెద్దాయనా, మెట్ల మీద కూర్చుని ఇల్లు పోయినవాడిలా చూడండి, చాలు."

నాన్న కూర్చుని చూశారు.

"కట్! బాధ చాల్లేదండీ. ఇల్లు పోయినవాళ్లు ఇలా ఉండరు."

"ఎలా ఉంటారండీ?" అని వినయంగా అడిగారు నాన్న.

డైరెక్టరు గుండెలు బాదుకుని చూపించాడు. నాన్న కూడా అలాగే బాదుకున్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక నేను క్యారియర్ పట్టుకుని నిలబడిపోయాను. ఇంతలో వేలం పాడే జూనియర్ ఆర్టిస్టు తన పాట గట్టిగా అరిచాడు. అది మా ఇంటికి నిజంగా పలికిన ధర కంటే ఎక్కువ. నాన్న బాదుకోవడం మానేసి లేచి నిలబడ్డారు.

"మా వేలానికి నువ్వెందుకు రాలేదయ్యా!"

యూనిట్ అంతా గొల్లున నవ్వింది. ఆ గోలలోనే పోస్ట్‌మ్యాన్ సైకిలు దిగి కెమెరాకు అడ్డంగా నడిచొచ్చాడు.

"గీడ సంతకం పెట్టుండ్రి సార్. మీరు ఇంట్లనే దొరికిండ్రు, మంచిగైంది."

నాన్న సంతకం పెట్టి కవరు తీసుకున్నారు. ప్రొడక్షన్ మేనేజరు వేషానికని కొంత డబ్బు కూడా చేతిలో పెట్టాడు.

ఆ చెక్కుతో మోతీనగర్‌లోనే చిన్న ఫ్లాటుకు అడ్వాన్సు కట్టాం. నాన్న దాన్ని అమ్మ పేరున రాయించారు.

"ఇకమీదట సినిమా తియ్యాలంటే నిన్నడగాలి," అన్నారు ఆమెతో.

"అడిగి చూడండి," అంది అమ్మ.