కుట్టు విప్పి చదివిన పేరా

నలభై దాటినవాళ్లకు ఇంగ్లీషు అబ్బదని తిరువూరులో చాలామంది నమ్మకం. చిన్నప్పుడే కాన్వెంటులో పడకపోతే ఆ భాష మీద ఆశ వదులుకోవలసిందేనని, వయసు మీదపడ్డాక నాలుక తిరగదని, కొత్త మాట బుర్రలోకి దిగదని బస్టాండు టీకొట్టు మొదలుకొని బడిలో మాస్టర్ల గది దాకా ఒకే ధీమాతో చెబుతారు. అడిగితే ఆధారాలు కూడా చూపిస్తారు. షాహీనా రెండుసార్లు పరీక్ష తప్పడం అలాంటి ఆధారాల్లో ఒకటి.

షాహీనాకు నలభై రెండేళ్లు. విస్సన్నపేట రోడ్డులో ఎరువుల దుకాణం పక్కన, రెండు మిషన్లు మాత్రమే పట్టే గదిలో ఆడవాళ్ల బట్టలు కుడుతుంది. భర్త ముషారఫ్ షేర్ ఆటో నడుపుతాడు. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన ఆమె, నలభయ్యో ఏట దూరవిద్యలో పదో తరగతికి కట్టింది. కారణం ఒక్కటే. విస్సన్నపేటలో ఆడపిల్లలకు కుట్టుపని నేర్పే కేంద్రం ఒకటి ఉంది. అక్కడ నేర్పుతున్న పెద్దావిడ వచ్చే జూన్‌లో మానేస్తోంది. ఆ చోటు షాహీనాకు ఇవ్వాలని నిర్వాహకులకు ఉంది. ఆమె చేతిపని వాళ్లకు తెలుసు. కాని పదో తరగతి పాసైన కాగితం లేనిదే తీసుకోవడానికి వీల్లేదు. మిగతా సబ్జెక్టులు ఎలాగో గట్టెక్కాయి. ఇంగ్లీషు ఒక్కటీ నిలిచిపోయింది. మొదటిసారి పందొమ్మిది మార్కులు, రెండోసారి ఇరవై నాలుగు. కావలసినవి ముప్పై ఐదు. ఏప్రిల్‌లో మరోసారి రాయవచ్చు. అదీ పోతే ఆ చోటు ఇంకొకరిది.

విచిత్రమేమిటంటే, ఆమె ఇంగ్లీషు చదువుతుంటే విన్నవాళ్లెవరూ ఆమె తప్పిందంటే నమ్మేవారు కాదు. గైడులోని వ్యాసాలు ఏడు, ఉత్తరాలు నాలుగు ఆమెకు కంఠస్థం. ఎక్కడా తడబాటు ఉండదు, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అక్కడే తీసుకుంటుంది. చదవడానికీ అర్థం కావడానికీ మధ్య తేడాను మొదటిసారి గమనించింది వినీల. ఆమె రెడ్డిగూడెం బడిలో ఇంగ్లీషు టీచరు, షాహీనా దగ్గర బట్టలు కుట్టించుకుంటుంది. నవంబరులో ఒక సాయంత్రం జాకెట్టు కోసం వచ్చి, షాహీనా పైకి చదువుతున్న పేరా చివరిదాకా విన్నది. వరదలో పడవ నడిపే ఒక ముసలివాడి కథ అది. చదవడం పూర్తయ్యాక వినీల తెలుగులోనే అడిగింది.

"బాగా చదివావక్కా. ఇంతకీ ఆ ముసలాయన పడవ సగం దారిలో ఎందుకు వెనక్కి తిప్పాడు?"

షాహీనా పుస్తకం వంక చూసింది. "పడవుందా ఇందులో?" అంది.

వినీల నవ్వబోయి ఆగిపోయింది. షాహీనా నవ్వలేదు. ఆ పేరా ఆమెకు నెల రోజులుగా కంఠతా వచ్చు.

ఈ పొరపాటును మందబుద్ధిగా లెక్కకట్టడం తేలిక. కాని దాని వెనక ఒక పెంపకం ఉంది. షాహీనా ఆరేళ్ల వయసు నుంచి నానమ్మ పక్కన కూర్చుని ఖురాన్ పఠనం నేర్చుకుంది. అరబ్బీ మాటల అర్థం నానమ్మకూ తెలియదు, మనవరాలికీ తెలియదు. అక్కడ అది లోటు కాదు. ఒక్క అక్షరం జారకుండా, ఒక్క దీర్ఘం తరగకుండా పలకడమే ఆ చదువు, అదే ఆరాధన. ఇప్పటికీ రంజాన్ నెలలో వీధి ఆడవాళ్లు ఆమె పఠనం వినడానికే వాళ్లింటికి వస్తారు. ముప్పై అయిదేళ్లుగా చదవడమంటే ఆమెకు అదే. ఇంగ్లీషు పుస్తకం తెరిచినప్పుడు కూడా ఆమె అదే శ్రద్ధతో, అదే నియమంతో చదివింది. ఊరివాళ్లు ఆమె వయసును తప్పుపట్టారు. అడ్డుపడింది వయసు కాదు; ఆమెకు అన్నింటికన్నా బాగా చేతనైన విద్య. మనిషికి చేతకానిది కనబడుతుంది, దాన్ని సరిదిద్దుకోవచ్చు. చేతనైనది ఎక్కడ పనికిరాదో తెలియడం చాలా కష్టం. పరీక్షలో ముందెన్నడూ చూడని పేరా ఒకటి ఇచ్చి, కింద అయిదు ప్రశ్నలు అడుగుతారు. ఆ ప్రశ్నలకు రెండుసార్లూ ఆమె ఆ పేరాలోని మొదటి అయిదు వాక్యాలనే వరసగా ఎక్కించి వచ్చింది.

ఆ సంగతి తెలిశాక ఆమె రెండు రోజులు పుస్తకం ముట్టుకోలేదు. మూడో రోజు ఒక గిరాకీ విజయవాడలో కొన్న చుడీదారు తెచ్చి, అచ్చం ఇలాంటిదే కుట్టిపెట్టమని అడిగింది. అలాంటి కత్తిరింపు షాహీనా అంతకుముందు చూడలేదు. చూడనిది వచ్చినప్పుడు దర్జీలు చేసే పనే ఆమె చేసింది. ఆ మనిషిని అడిగి, కుట్లు విప్పింది. ముందు భుజం కుట్టు, తరవాత పక్కలు, చివర చేతులు. ముక్కలన్నీ పాత పేపరు మీద పరిచి, ఏది దేనికి అతికిందో సుద్దతో గుర్తు పెట్టుకుంది. అప్పుడు ఆమెకు తట్టింది. ఇరవై ఏళ్లుగా బట్టను ఇలాగే అర్థం చేసుకుంటున్న తను, పేరాను మాత్రం మడత విప్పకుండా చేత్తో నిమిరి ఊరుకుంటోంది.

మర్నాటి నుంచి ఉదయం నమాజు అయ్యాక గంటన్నర, దుకాణం తెరవకముందు, ఆమె కత్తిరింపు బల్ల మీద సుద్దతో ఒక్క వాక్యం రాసేది. ముందు జరిగిన పని ఏమిటో వెతికేది. భుజం కుట్టు అదే. తరవాత ఆ పని చేసిందెవరు, దేన్ని, ఎక్కడ, ఎందుకు అని ఒక్కో ముక్కా విడదీసేది. తెలియని మాటకు వెంటనే నిఘంటువు చూసేది కాదు. అటూ ఇటూ ఉన్న ముక్కలను బట్టి ఊహించి, ఆ తరవాతే చూసుకునేది. ఊహ తప్పిన మాటలను కొలతల పుస్తకం వెనక రాసుకునేది. క్రియల కాలాలను వినీల ఆదివారాలు వచ్చి చెప్పేది. అవి ఇప్పటికీ ఆమెకు పూర్తిగా వచ్చాయని చెప్పలేం.

మొదటి పేరాకు నాలుగు రోజులు పట్టింది. ముసలివాడు పడవ తిప్పింది ఒడ్డున వదిలేసిన కుక్క కోసమని తెలిసిన ఉదయం, ఆ ఒక్క సంగతి చెప్పడానికి ఆమె వినీలకు ఫోన్ చేసింది. సంక్రాంతి దాటేసరికి పేరాకు ఒక పూట, మార్చికి అరగంట. పైకి చదవడం మాత్రం అధ్వాన్నమైంది. మాటమాటకూ ఆగేది. వీధిలో విన్నవాళ్లు ఉన్నది కూడా పోయిందన్నారు.

పరీక్షకు పది రోజుల ముందు ముషారఫ్ ఒక కబురు తెచ్చాడు. బస్టాండు దగ్గర జిరాక్సు షాపు నడిపే అంకారావు, గైడులు అమ్మేది కూడా అతనే, హాల్లో జవాబులు అందేలా చూస్తానన్నాడట. ఆమె మీద జాలితోనే అన్నాడు, ప్రతిఫలం ఏమీ అడగలేదు. షాహీనా వద్దంది. ముషారఫ్ భోజనం ముందు కూర్చుని కంచం పక్కకు జరిపాడు. తరవాత అడిగాడు.

"నీకు కావాల్సింది ఇంగ్లీషా, ఆ పోస్టా? ముందది తేల్చుకో."

"పోస్టేనండి. కానీ అక్కడ పుస్తకాలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. రేపు ఏ పిల్లో పేజీ తెరిచి ఇదేంటి మేడమ్ అంటే, అంకారావు గారికి ఫోన్ చేయనా?"

"చేసినా ఎత్తడులే," అన్నాడు ముషారఫ్. కాని అతనికి నచ్చలేదు. రెండేళ్లు పోగొట్టుకున్నదాన్ని పంతానికి మూడోసారి కూడా పోగొట్టుకుంటోందని అతని బాధ. ఆ బాధలో న్యాయం లేకపోలేదు.

పరీక్షాకేంద్రం పేరు ఇక్కడ అనవసరం. పేరా ఒక చిన్న పట్నంలోని గడియారాలు బాగుచేసేవాడి గురించి వచ్చింది. ఆగిపోయిన ఊరి గడియారాన్ని బాగుచేయమంటే అతను ఒప్పుకోలేదు; ఎందుకు అన్నది మొదటి ప్రశ్న. షాహీనా వాక్యాలు విప్పుకుంటూ వెళ్లి, చూపు మందగించింది కనక పాడుచేస్తానేమోనని భయపడ్డాడని రాసింది. అయిదింటికీ రాసి తల ఎత్తేసరికి, ముందు బల్లలో కూర్చున్న నవీన్ కుమార్ అనే కుర్రవాడు వెనక్కి చూడకుండా ఒక చీటీ ఆమె కాగితం మీద పెట్టాడు. హాలంతా తిరుగుతూ వచ్చిన చీటీ అది. పై వరస కంటబడింది. కూలి తక్కువ ఇస్తామన్నారు కనక ఒప్పుకోలేదని ఉంది.

ఆమె చేయి ఆగింది. చుట్టూ ముప్పై మంది అదే రాస్తున్నారు. ఆమె జవాబు ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు. ఇరవై నాలుగు మార్కులు తెచ్చుకున్న మనిషి, ముప్పై మందికి తెలియనిది తనకు తెలిసిందని ఎలా అనుకోవాలి? ఆమె చీటీని బోర్లించి మళ్లీ పేరా మొదటికి వెళ్లింది. కూలి మాట రెండో వాక్యంలో ఉంది నిజమే. కాని అక్కడున్నది, కూలి ఎంత తక్కువైనా అతను ఏనాడూ గొణగలేదని. కళ్ల సంగతి చివరి వాక్యంలో ఉంది. చీటీ రాసినవాడు కూలి అన్న మాట దొరకగానే అక్కడే ఆగిపోయాడు. షాహీనా తన జవాబును కొట్టేయలేదు. చీటీని ముందుకు జరిపి, ఉత్తరం రాయడం మొదలుపెట్టింది. కంఠతా వచ్చిన నాలుగింటిలో ఏదీ ప్రశ్నకు సరిపోలేదు. సొంతంగా ఎనిమిది వాక్యాలు రాసింది.

సాయంత్రం వినీల ప్రశ్నపత్రం తీసుకుని జవాబులు అడిగింది. అయిదింటిలో నాలుగు సరైనవి. గడియారం ఎన్నేళ్లు ఆగిపోయిందన్న ప్రశ్నకు షాహీనా ఆ మనిషి వయసు రాసింది. అది చీటీలో సరిగ్గానే ఉందని తరవాత అంకారావు చెప్పాడు. మొదటి జవాబు చూశాక మిగతావి చూడబుద్ధి కాలేదని షాహీనా అంది. ఉత్తరంలో తప్పులు చాలానే ఉన్నాయి. వినీల వాటిని దాచలేదు.

ముప్పై ఎనిమిది మార్కులు వచ్చాయి. దాన్ని ఘనవిజయం అనడానికి వీల్లేదు, ఆమె కూడా అనలేదు. నలభై దాటాక ఇంగ్లీషు రాదనేవాళ్లు ముప్పై ఎనిమిదిని చూసి తమ మాట మార్చుకోలేదు. ఇది ఆధారం కాదన్నారు. భాష వచ్చిందా అన్న ప్రశ్నకు మార్కులు జవాబు చెప్పలేవన్నది మాత్రం వాళ్లు ఒప్పుకోవలసిన మాటే. ఇరవై నాలుగు వచ్చినప్పుడు కూడా అది అంతే నిజం.

జూలైలో షాహీనా విస్సన్నపేట కేంద్రంలో చేరింది. వెళ్లడం ముషారఫ్ ఆటోలోనే. దుకాణం ఇప్పుడు సాయంత్రాలు మాత్రమే తెరుస్తుంది. ఇంటర్‌కు కూడా కట్టమని వినీల, ఆ ఊపులోనే కట్టేయమని ముషారఫ్ చెప్పారు. ఆమె కట్టలేదు. కేంద్రం అలమరాలో ఇంగ్లీషులో ఉన్న కత్తిరింపు పుస్తకం ఒకటి, రెండు వందల పదహారు పేజీలది, ఎవరూ తెరవకుండా పడి ఉంది. రోజుకు ఒక పేరా చొప్పున దాన్ని మొదటినుంచి చివరిదాకా చదవాలని నిర్ణయించుకుంది. ప్రస్తుతం ముప్పై ఒకటో పేజీలో ఉంది.