ఎడారి ఎలుకను తోమేసిన ఉస్తాద్

ఖుత్బుద్దీన్ లెక్క ప్రకారం దోహాలో తెలివైన మనిషి ఒక్కడే. ఎవరో చెప్పనక్కర్లేదు. జగిత్యాల నుంచి కంపెనీ డ్రైవరుగా వచ్చిన ఈ పెద్దమనిషికి చిన్నప్పుడు నేర్చిన అరబ్బీ అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు, అర్థం రాదు. ఈ రెండో సంగతి తప్ప మిగతావన్నీ నలుగురికీ చెప్పుకుంటాడు.

కంపెనీ యజమాని పాత నాణేలు పోగుచేసే ఖతర్ దేశస్థుడు. పనివాళ్ళంతా అర్బాబ్, అంటే దొర, అంటారు. నాణేల మీది అక్షరాలు చదువుతున్నాడని ముచ్చటపడి, అద్దాల పెట్టెలు తుడిచే పని కూడా ఖుత్బుద్దీన్‌కు అప్పగించాడు. అంతే, పనివాళ్ళుండే బర్వా అల్ బరాహా క్యాంపులో మనవాడు ఉస్తాద్ అయిపోయాడు. ఆ బిరుదు ఇచ్చుకున్నది తనే.

మొన్న ముషైరిబ్ ఆఫీసుకు అర్బాబ్ అతిథులను పిలిచాడు. ఈసారి నాణేల గురించి నువ్వే చెప్పు, బాగా చెబితే బండి వదిలేసి ఈ నాణేల గదే చూసుకుందువు అన్నాడు. ఖుత్బుద్దీన్ ఏళ్ళ తరబడి కోరుకున్నది అదే. ట్రాఫిక్కులో కూర్చుని కూర్చుని నడుము పోయింది. ఈ ఒక్కచోట మాత్రం అతని మీద జాలిపడవచ్చు.

పెట్టెలో ఓ కంచు నాణెం ఉంది. ఇస్లాం తొలినాళ్ళలో చిల్లరగా చెల్లినది. ఒకవైపు ఇస్లాం విశ్వాస వాక్యమైన కలిమా, మరోవైపు పొడుగు కాళ్ళ ఎడారి ఎలుక. ఆనాటి చిల్లర మీద సింహం, చేప, ఏనుగు కూడా ఉండేవని పక్కనున్న చీటీలోనే ఉంది. చీటీలు చదవడం ఉస్తాద్ హోదాకు తక్కువ. నాణేన్ని జేబులో వేసుకుని క్యాంపులో తన గదికి తెచ్చాడు.

"కలిమా ఉన్న సిక్కా మీద ఎలుకేంది? తలకాయ లేనోడెవడో తర్వాత గుద్దిండు" అన్నాడు, లుసైల్‌లో బిల్డింగ్ పనిచేసే రూమ్మేట్ జలంధర్‌తో.

"నాకేం తెలుసు భాయ్. అర్బాబ్‌ను ఒక్కమాట అడుగరాదు?"

"సిమెంటు కలిపేటోనివి, నీకెందుకు ఈ ముచ్చట?"

ఆ ఎలుకను పోగొట్టాలని, ఇంటి దగ్గర భార్య రషీదా ఇత్తడి చెంబులు తోమినట్టే, చింతపండు గుజ్జు పట్టించి స్టీలు పీచుతో తోమాడు. పచ్చటి చిలుము ఊడింది. చిలుము తినేసిన ఆ కంచు మీద బొమ్మంతా ఆ పచ్చటి పొరలోనే నిలిచి ఉందని అడిగితే ఎవరైనా చెప్పేవారు. ఇతగాడు అడగడమా! ఎలుక పోయింది, వెనకాల కలిమా కూడా పోయింది. దీపం కిందికి తెచ్చి తిప్పి తిప్పి చూశాడు. తళతళ మెరవడం చూసి సర్దుకుని, మర్నాడు తీసుకెళ్ళి పెట్టెలో పెట్టేశాడు.

అతిథులు వచ్చిన రోజు, చిన్నప్పుడు తాతతో కలిసి ఎడారిలో ఈ ఎలుకలనే తరిమేవాడినని, ఈ బొమ్మ కోసమే దీన్ని కొన్నానని అతిథులకు చెబుతూ అర్బాబ్ పెట్టె తెరిచాడు. నాణేన్ని అటూ ఇటూ తిప్పాడు. ఎవరు కడిగారని అడిగాడు. ఖుత్బుద్దీన్, నేనే అన్నాడు.

అర్బాబ్ తిట్టలేదు. తిట్టినా కాస్త మర్యాద మిగిలేది. పకపకా నవ్వి, నాణేన్ని అతని అరచేతిలోనే పెట్టి, వెళ్ళి కారు తీసి ఉంచమన్నాడు.

సాయంత్రం జలంధర్ బియ్యం కడుగుతున్నాడు. "ఏమైంది భాయ్? ఆ పని నీకే ఇచ్చిండా?"

"ఇనామే ఇచ్చిండు. చూడు."

జలంధర్ చేతులు తుడుచుకుని నాణెం అందుకున్నాడు. రెండువైపులా తిప్పి చూశాడు.

"దీని మీద ఏం లేదు గదా భాయ్."

"ఉన్నది" అన్నాడు ఖుత్బుద్దీన్. "నీ అసొంటోనికి కనబడది."