మొగిలి చెప్పిన ధైర్యం

మొగిలి ఒకచోట కుదురుగా కూర్చుంటే కదా! గుండెపోటుతో దవాఖానలో పడి ఇంటికొచ్చినప్పటి నుంచీ గోదావరిఖనిలోని తన కంపెనీ క్వార్టర్లో వాకిట్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి వాకిట్లోకి తిరగడమే పని. తిరిగి తిరిగి ఆగి, మణికట్టు మీద వేళ్లు పెట్టి నాడి చూసుకునేవాడు. నాడి అందితే ఎందుకింత జోరుగా కొట్టుకుంటోందని భయం. అందకపోతే అసలు కొట్టుకుంటోందా అని భయం.

ఆ పోటు 1988 ఎండాకాలంలో వచ్చింది. అంతకుముందు చాలా ఏళ్లు బొగ్గుబాయిలో, భూమి లోపల, కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని చేశాడు. నెత్తిమీద బండ పెటపెటలాడినా బెదరని మనిషి ఇప్పుడు గాలికి తలుపు కొట్టుకుంటే ఉలిక్కిపడుతున్నాడు. లోపలి పని వద్దని, బాయి పైన దీపాల గదిలో తేలిక పని ఇచ్చారు. అక్కడా అంతే. దిగబోయేవాళ్లకు దీపాలు అందిస్తూ, "నేనెన్నాళ్లుంటనో ఏమో" అనేవాడు. డ్యూటీ దిగి బీడీ ముట్టించేవాడు. "ఎట్లయినా పోయేటోన్నే, గిదొక్కటి ఎందుకు ఇడువాలె?" అని భార్య సారవ్వ మీద ఎగిరేవాడు. డాక్టరమ్మ నడవమంటే, నడిస్తే దారిలోనే పడిపోతానని భయం. మాత్రలు గుర్తుంటే మింగేవాడు, లేకపోతే లేదు.

వానలు పడ్డాక సారవ్వ బలవంతాన దవాఖానకు లాక్కెళ్లింది. డాక్టరమ్మ గుండె విని, "గుండె బాగానే కోలుకుంటోంది మొగిలీ. నువ్వే రేపన్నది లేనట్టు బతుకుతున్నావు. రేపు ఉందనుకున్నవాడే గదా మందు మింగేది" అంది. పోబోతుంటే మళ్లీ పిలిచింది. "వార్డులో అలీముద్దీన్ అని ఒక ఫిట్టరున్నాడు. నీలాగే పోటు వచ్చింది. తిండి ముట్టడం లేదు. ఒకసారి పలకరించిపో."

వార్డు వాసన తగలగానే మొగిలికి చెమటలు పట్టాయి. సారవ్వ అతని చెయ్యి వదలలేదు.

అలీముద్దీన్ గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. పక్కన అతని భార్య హబీబున్నీసా అన్నం గిన్నె పట్టుకుని కూర్చుంది.

"అన్నా, నాగ్గూడ వచ్చిందే గుండెపోటు" అన్నాడు మొగిలి, ఏం చెప్పాలో తోచక.

అలీముద్దీన్ గిర్రున ఇటు తిరిగాడు. "నీకా? మరి ఇప్పుడెట్లున్నవ్ భాయ్?"

ఆ కళ్లలో బెదురు చూశాక మొగిలికి నిజం నోట రాలేదు. "మంచిగున్న. డ్యూటీ చేస్తున్న. పొద్దుగాల లేచి గోదారి బ్రిడ్జి దాక నడుస్త. బీడీ బందు పెట్టిన. మాత్రలు టైముకు ఏసుకుంట. నువ్వు ఫికర్ జెయ్యకు."



హబీబున్నీసా కళ్లు తుడుచుకుంది. "ఇంటికి పంపినంక ఈయన్ను గూడ నీ ఎంబడి నడకకు తీస్కపో భాయ్."

"గట్లనే చెల్లె" అనేశాడు మొగిలి. అలీముద్దీన్ లేచి కూర్చుని గిన్నె అందుకున్నాడు.

బయటికొచ్చాక సారవ్వ నిలదీసింది. "డ్యూటీకి బస్సెక్కి పోవుడే గని, నడిసి మన సందు మలుపు దాటవు, గోదారి బ్రిడ్జి దాక నడుస్తవా?"

"మరేం జెప్పాలె? ఆయన మొఖం సూడలేదా?"

"సూశిన. అందుకే నోరిప్పలె. ఇగ నువ్వు నడుసుడే."

మర్నాడు పొద్దున బయల్దేరాడు. సందు దాటగానే గుండె దడదడలాడింది. కల్వర్టు మీద కూలబడి, ఇక అయిపోయిందనుకున్నాడు. ఏమీ కాలేదు. పాలవాడొకడు గంట కొట్టుకుంటూ సైకిల్ మీద పోయాడు. లేచి ఇంకొంచెం నడిచాడు. బీడీ మానడం మరీ కష్టమైంది. నోరు పీకుతున్నట్టుండి ఎవరి మీద పడితే వాళ్ల మీద అరిచేవాడు. అయినా మానేశాడు. ఎందుకంటే డ్యూటీ దిగాక రోజూ వార్డుకు వెళ్లేవాడు, వెళ్లగానే అలీముద్దీన్ అడిగేది ఆ సంగతులే. "ఇయ్యాల ఏడిదాక పోయినవ్? బీడీ యాదికి రాలేదా?" బ్రిడ్జి మాట ఒక్కటి దాటేసినా, అడిగినప్పుడల్లా కొత్త అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

అలీముద్దీన్ ఇంటికొచ్చాక కొన్నాళ్లకు ఇద్దరూ కలిసి నడక మొదలుపెట్టారు. ఒకనాడు అలీముద్దీన్ ఆయాసపడుతూ, "బ్రిడ్జి ఇంకెంత దూరముంది?" అన్నాడు.

"ఏమో. నేను గూడ ఇంక ఆడిదాక పోలేదే" అన్నాడు మొగిలి.

అలీముద్దీన్ ఒక్క క్షణం తెల్లబోయి, పొట్ట పట్టుకుని నవ్వసాగాడు. మొగిలికి ప్రాణం పోయినంత పనైంది. "నవ్వకే, జర మెల్లగ నవ్వు!" అని భుజం పట్టుకుని ఊపుతూ తనూ నవ్వేశాడు. ఆ దసరా దాటాక బ్రిడ్జి మీదికి ఎక్కి ఇద్దరూ నీళ్లు చూసొచ్చారు.

మొగిలికి భయం పూర్తిగా పోలేదు. 1995లో దీపాల గదిలో ఉండగా ఎడమ భుజం లాగింది. వెనకటి మొగిలైతే బీడీ కోసం తడుముకునేవాడే. ఇప్పుడు మాత్రం పక్కనున్న ఆగయ్యను పిలిచి, "నాకు గుండెల నొస్తున్నది, జల్ది దవాఖానకు తోలుకపో" అన్నాడు. వెంటనే వచ్చాడు కాబట్టి పోటు ముదరకుండా ఆపగలిగామని డాక్టర్లు చెప్పారు. పడుకోమన్న నాలుగు రోజులూ పడుకోలేక, పక్క మంచంలో మూలుగుతున్న ముసలాయనతో మాటల్లో పడ్డాడు. సారవ్వ వచ్చేసరికి ముసలాయన పొలం ఎక్కడో, అందులో ఏమేశాడో అన్నీ అడిగేసి, ఇంటికెళ్లాక ఏమేస్తే బాగుంటుందో వాదిస్తున్నాడు.