సాంబ్రాణికి సైరన్

ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల బజారులో శుక్రవారం ఫకీర్ సాహెబ్ సాంబ్రాణి పొగ పడనిదే ఏ శెట్టీ బోణీ చెయ్యడు. ఒక చేతిలో నిప్పుల కుండ, ఇంకో చేతిలో నెమలీకల కట్ట. మూలమూలకూ పొగ పట్టి, గల్లాపెట్టె మీద నెమలీకలు ఆడించి, ఇచ్చింది పుచ్చుకుని పోతాడు. ఆ పొగే ఆయన కూడు.

ఇంతలో ఎవరో కంపెనీ వాళ్లకు మా ప్రాణాల మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. ప్రతి అంగడిలో పొగ పసిగట్టి సైరన్ మోగించే సెన్సర్ బిగించి, అన్నింటినీ కంట్రోల్ రూముకు కలిపారు. ఇక చూడండి తమాషా! సాహెబ్ కాలు పెట్టిన అంగడల్లా ఊళపెట్టింది. ఫైరింజను పరుగెత్తుకొస్తే, ఆదినారాయణ శెట్టి వాళ్లకు టీ తెప్పించి, తాగించి పంపాడు.

కంపెనీ ఇంజినీరు భరద్వాజ్ మండిపడ్డాడు. "వచ్చే నెల నుంచి బజార్లో సాంబ్రాణి బంద్!"

"నేనేం తినాలప్పా?" అన్నాడు సాహెబ్.

"బేరం లేని అంగడి కాలితే ఏంది, కాలకుంటే ఏంది?" అని శెట్టి ఎగిరాడు. భరద్వాజ్ వినలేదు.

ఆ నెలంతా సైరన్ మోగితే ఎవడూ తల ఎత్తలేదు. సాహెబ్ వచ్చాడనుకుని చిల్లర తీసి పెట్టుకునేవాళ్లు, అంతే.

చివరి శుక్రవారం సాహెబ్‌కు అంగళ్లు తిరగబుద్ధి కాలేదు. కుండ అంటించకుండా టీ కొట్టు బల్ల మీద దిగులుగా కూచున్నాడు. పక్కనే శెట్టి. ఎదురుగా శెట్టి అంగడిలో సైరన్ మోగింది.

"సాహెబ్ వచ్చినట్టుండాడు, పోయి బోణీ చేస్తా" అని శెట్టి అలవాటుకొద్దీ లేచాడు.

సాహెబ్ టీ గ్లాసు దించాడు. "నేనీడ ఉండానే శెట్టీ!"

ఇద్దరూ పరుగో పరుగు. వెనక గదిలో బంగారం కరిగించే గ్యాసు పైపు అంటుకుంది. పనివాడు షహబాజ్ స్పృహ తప్పి పడున్నాడు. అతన్ని బయటికి లాగి, తడి గోనెలు కప్పి మంట ఆర్పేసరికి ఇద్దరి గడ్డాలూ మాడాయి.

షహబాజ్ కళ్లు తెరిచాక సాహెబ్ భోరుమన్నాడు. "నా పొగ వల్లనే కదప్పా మీరు సైరన్‌ను నమ్మకుండా పోయినారు. ఇంక నేను రాను."

"రావాల్సిందే తాతా" అంది మంట సంగతి విని పరుగెత్తుకొచ్చిన కంట్రోల్ రూము సింధూ. "అంగట్లోకి పోయేముందు నాకు ఫోన్ చెయ్. నువ్వు బయటికొచ్చేదాకా ఆ ఒక్క సైరన్ ఆపుతా. నువ్వు చెప్పకుండా మోగితే అది నిజం మంటే."

సాహెబ్ కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఇంకోటి తాతా. మా కంప్యూటర్లు ఊరికే ఆగిపోతాండాయి. వచ్చే శుక్రవారం ఆడికీ వచ్చి రవ్వంత పొగ పట్టిపో."

"భరద్వాజ్ సారు తిట్టడా తల్లీ?"

"పిల్చుకు రమ్మన్నదే ఆయన."