ఫ్లాస్కు మూతలో రాళ్ళు

కాలిఫోర్నియాలోని డబ్లిన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో వెళ్ళే రైలులో, నేను ఫోన్‌లో తెలుగు మాట్లాడటం విని పక్క సీటులోని పెద్దాయన పలకరించారు. ఆయన కళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. పిత్తనాళంలో పెద్ద రాయి ఇరుక్కుందట. ఎండోస్కోపీతో లాగడం కుదరక, లోపలే లేజర్‌తో పగలగొడతామని డాక్టర్లు చెప్పారట.

"నిన్ననే ఆ అపాయింట్‌మెంట్ క్యాన్సిల్ చేసేశానండి. ఆలివ్ ఆయిల్‌లో నిమ్మరసం కలిపి తాగాను, విరేచనంలో రాళ్ళు వాటంతటవే వచ్చేశాయి," అంటూ మందుల డబ్బాలో కడిగి దాచుకున్న ఆకుపచ్చ ఉండలు చూపించారు.

నూనె, నిమ్మరసం కడుపులో చేరి సబ్బులాంటి ఉండలు కడతాయని నేను చదివాను. రాయి లోపలే ఉండిపోతే చీము పట్టి ప్రాణం మీదికి రావచ్చు. అయినా, నేను చదివినదాన్ని ఆయన ఎందుకు నమ్మాలి?

"రాయి వేడినీళ్ళలో కరగదండి. ఇది కరిగితే మాత్రం, మీ రాయి ఇంకా లోపలే ఉన్నట్టు," అన్నాను.

"కళ్ళెదుట పెట్టినా డౌటేనా మీకు?" అని నవ్వుతూ, ఆయన ఫ్లాస్కు మూతలో వేడినీళ్ళు వంచి ఒక ఉండ వేశారు. అది మెత్తబడి, విడిపోయి, నూనె తెట్టుగా తేలింది.

ఆయన మూతలోకి వంగి చూశారు. తరువాత రెండో ఉండ తీశారు.

"ఒక్కదాంతో తేల్చెయ్యకూడదు కదండీ."

అదీ కరిగింది. దాన్ని ఆయన సరిచూసుకోవడానికి వేశారో, ఆశ చావక వేశారో నేను చెప్పలేను. మూత కింద పెట్టి ఆస్పత్రికి ఫోన్ చేసి, నిన్న వదులుకున్న తేదీ ఇంకా ఖాళీగా ఉందా అని ఇంగ్లీషులో మెల్లగా అడగడం మాత్రం విన్నాను.