వెన్నుపాముకు లెక్క రాదు

దయ్యాలను నేను ఏనాడూ నమ్మలేదు; ఇప్పటికీ నమ్మను. జనగామలో ఇంటర్ విద్యార్థులకు జంతుశాస్త్రం చెబుతాను. చూసినదాన్ని చూసిన వేళతో సహా డైరీలో రాసుకోవడం నా అలవాటు. ఇక్కడ చెప్పేదంతా ఆ డైరీలో ఉన్నదే.

మా అమ్మ పాలకుర్తి దగ్గరి మా ఊళ్లో నలభై ఏళ్లు బీడీలు చేసింది. ఒక బుధవారం ఉదయం బీడీల చేట ముందే ఒరిగిపోయింది. ఆసుపత్రిలో, మెదడులో రక్తనాళం చిట్లిందన్నారు. శుక్రవారం నాటికి ఆమె కంటిపాపలు వెలుతురుకు స్పందించడం మానేశాయి. వెంటిలేటర్ ఆపి చూస్తే సొంతంగా శ్వాస రాలేదు. పరీక్షలు రెండుసార్లు చేశారు. మెదడు పూర్తిగా చనిపోయిందనీ, నేను సంతకం చేస్తే యంత్రం తీసేస్తామనీ డాక్టర్ చెప్పాడు.

శనివారం పగలు పదకొండుంబావుకు మా చెల్లెలు స్వరూప అమ్మ మంచం దగ్గర్నుంచి వరండాలో ఉన్న నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"అన్నా, అమ్మ చెయ్యి ఆడుతాంది! జల్ది రా."

నిజమే. కుడి చేతి బొటనవేలు చూపుడువేలి మీదుగా రాసుకుంటూ పోయి, చివర గోటితో ఏదో మడిచినట్టు వంగుతోంది.

డాక్టర్ వచ్చి చూశాడు. "మీకు తెల్వనిదేం కాదు సార్. గిది మెదడు పని కాదు, వెన్నుపాము పని. ఒక్కోసారి గిట్ల అయితది."

తెలుసు. నిప్పు తాకిన చేయి వెనక్కి రావడానికి మెదడు ఆజ్ఞ అక్కరలేదని ఏటా బోర్డు మీద బొమ్మ గీసి చెప్పేది నేనే. స్వరూపకూ అదే చెప్పాను.

"నీ పాఠం పోయి పిల్లలకు చెప్పుకో. అమ్మ బీడీలు చేస్తాంది, కండ్లు కనవడ్తలేవా? నువ్వు సంతకం పెడితె ఇగ నీతోని మాట్లాడ."

ఏడుస్తూ బయటికి వెళ్లింది. నాకు ఏడుపు రాలేదు. ఏం చేయాలో తోచక వేలు వంగడాన్ని లెక్కపెట్టాను.

ఇరవై అయిదు. ఆగింది. నలభై సెకన్ల తర్వాత మళ్లీ మొదలైంది. ఇరవై అయిదు. ఆగింది. మూడోసారీ అంతే.

బీడీ కట్టకు ఇరవై అయిదు. అన్నీ అయ్యాకే అమ్మ చేయి ఆపి, కట్ట కట్టి పక్కన పెట్టేది.

వెన్నుపాము ఒక కదలికను ఎన్నిసార్లయినా తిప్పి చేయగలదు. ఎన్నిసార్లు చేసిందో గుర్తుంచుకుని ఆగడం దాని వల్ల కాదు. అది మెదడు పని. ఆ మెదడు లేదని రాసిన కాగితం నా చేతిలోనే ఉంది. 

స్వరూప తలుపు దగ్గర నిలబడింది. "గింత సేపు చూసినవ్ గదా. ఏమన్న ఉన్నదా అన్నా?"

"ఏం లేదు. ఊకె అదురుతాంది" అన్నాను.

ఆమె లోపలికొచ్చి అమ్మ నుదుటి మీది వెంట్రుకలు సర్దింది. చివరికి, "అయితె పెట్టు" అంది.

ఒంటిగంటా యాభైకి సంతకం చేశాను.

తర్వాత ఇద్దరు నరాల డాక్టర్లను అడిగాను. ఒకరు కాకతాళీయమన్నారు. ఇంకొకరు నేను లెక్క తప్పి ఉంటానన్నారు. నేను తప్పలేదు.

స్వరూప ఇది చదువుతుంది. చెల్లీ, మూడుసార్లు, ఇరవై అయిదేసి. ఆ వేలు అక్కడే ఎందుకు ఆగిందో నాకు ఇప్పటికీ తెలియదు.