వసారాలో చిన్న టీచరమ్మ

సీతారామాంజనేయులు మాస్టారి పేరు ఆ పేటలో ఎవరికీ నోరు తిరిగేది కాదు. కోనసీమ నుంచి రేకుపెట్టె, చాప చంకన పెట్టుకుని దిగిన రోజునే పిల్లలు ఆ పేరుని కత్తిరించి 'అంజి మేష్టారు' చేసి పారేశారు. పోర్టు వెనక, కొండ దిగువన ఉండేది ఓడల సరుకు ఎత్తిదించే ఆ కళాసీల పేట. గాలి ఇటు మళ్లిందంటే ముడి ఇనుము గుట్టల మీది ఎర్రదుమ్ము లేచి వచ్చి పలకల మీద, అన్నం మీద, నల్లబల్ల మీద ఒకే తీరుగా కూర్చునేది. ఆ పేటలో సమానత్వం పాటించింది ఆ దుమ్మొక్కటే.

బడి అంటే ఒక గది, ముందు ఒక వసారా. తరగతులు ఐదు, మాస్టారు ఒక్కరు. దేశంలో పిల్లలందరికీ ఒకటే చదువు, ఒకటే అవకాశం అని రేడియోలో పెద్దలు చెబుతుంటే తోటి మాస్టర్లు నవ్వుకునేవారు. ఈయన నవ్వేవాడు కాదు, నమ్మేవాడు. అదే ఆయన జబ్బు. ఏటా బడి తెరవగానే రెండో టీచరుని ఇమ్మని పై ఆఫీసుకి అర్జీ పెట్టేవాడు. చూద్దాం అనేవారు వాళ్లు. ఆ చూడటం ఏళ్ల తరబడి సాగింది.

కళాసీ దాలయ్య కూతురు చిలకమ్మ ఆ బళ్లో మూడో తరగతికి వచ్చేసరికి మాస్టారికి చేతికి ఆసరా దొరికినట్టయింది. లెక్క ఇస్తే అందరికంటే ముందు పలక తెచ్చి చూపించేది. ఓరోజు వసారాలో చిన్నపిల్లలు కొట్టుకు చస్తుంటే ఆయన విసుగెత్తి, "చిలకమ్మా, నీ పని అయిందిగా, వెళ్లి వాళ్లచేత అఆలు దిద్దించు" అన్నాడు. ఆ పిల్ల పరుగెత్తింది. పలకపుల్ల లేనివాళ్లని వరసగా కూర్చోబెట్టి, గచ్చు మీద పడ్డ ఎర్రదుమ్ములోనే వేలితో రాయించింది. మధ్యాహ్నానికి వసారా అంతా అక్షరాలే. మాస్టారు గుమ్మంలో నిలబడి చూసి మురిసిపోయాడు. పాపం, మురిసిపోకుండా ఉండాల్సింది.

మర్నాటి నుంచి అదే అలవాటయింది. ఏకోపాధ్యాయ బడుల్లో ఇది కొత్త కాదు, ఎవరూ తప్పుపట్టరు కూడా. తెలివైన పిల్ల చిన్న టీచరు అవుతుంది, అది గౌరవం. దాలయ్య అయితే పోర్టు గేటు దగ్గర టీ బడ్డీలో కనిపించినవాడికల్లా, "మా గుంట టీచరమ్మైపోనాది బావా!" అని చెప్పుకుని, వాడికి తన డబ్బులతో టీ కూడా పోయించేవాడు.

ఆ ఏడు తనిఖీకి వచ్చిన అధికారి వసారాలో పిల్లలు గడగడా చదవడం చూసి భుజం తట్టాడు. మాస్టారు ఇదే సమయమని రెండో టీచరు మాట ఎత్తాడు. "ఒక్కరే ఇంత బాగా నడుపుతుంటే రెండోవారు దేనికండీ? నడవని బడులు ఎన్ని లేవూ!" అని అధికారి జీపెక్కాడు. దున్నే ఎద్దునే పొడుస్తారని ఊరికే అనలేదు. ఎనిమిదేళ్ల పిల్ల బడి నడిపించబట్టి రాగల టీచరు రాకుండా పోయింది. ఆ ముక్క మాస్టారికి అప్పుడు తట్టలేదు. తట్టినా ఏం చేసి ఉండేవాడో చెప్పలేం.

చిలకమ్మ ఐదో తరగతిలో ఉండగా ఎమర్జెన్సీ వచ్చింది. పాఠాలు చెప్పే మాస్టర్లని కుటుంబ నియంత్రణ ఆపరేషన్లకి మనుషుల్ని తీసుకురమ్మని తరిమారు. ఆయన గడపగడపకీ తిరిగి తిట్లు తిని, మధ్యాహ్నం చెమటలు కక్కుతూ బడికి వచ్చేసరికి చిలకమ్మ వసారాలో గొంతు పోయేలా అరుస్తూ ఉండేది. ఉన్న కాస్త పొద్దులో ఆయన గదిలో ఐదో తరగతి వాళ్లకి భిన్నాలు చెప్పేవాడు. చిలకమ్మ అప్పుడూ వసారాలోనే ఉండేది.

ఆ వేసవికి ముందు ప్రభుత్వపు హాస్టలు బళ్లలో సీట్లకి పరీక్ష పెట్టారు. ఆడపిల్లలకి కూడా ఒక బడి ఉందని తెలిసి మాస్టారు ఎగిరి గంతేశాడు. సీటు వస్తే తిండి, బట్ట, పుస్తకాలు, పదో తరగతి దాకా చదువు. రాకపోతే పేటలో ఆడపిల్లకి ఐదుతో సరి. హైస్కూలు రెండు బస్సుల దూరం, అంత దూరం పిల్లని ఎవరు పంపుతారు? చిలకమ్మకి కాకపోతే ఎవరికొస్తుంది సీటని ఆయన ధైర్యం. ఆమెతోపాటు ఎల్లాజీని కూడా పరీక్షకి పంపాడు. ఎల్లాజీ గది మూలన కూర్చుని, నోరెత్తకుండా చెప్పింది రాసుకునే పిల్లాడు.

పరీక్ష గది బయట దాలయ్య పనికి నాగాపెట్టి, ఉతికిన చొక్కా వేసుకుని నిలబడ్డాడు. చిలకమ్మ బయటికి వచ్చి తండ్రి వైపు వెళ్లకుండా తిన్నగా మాస్టారి దగ్గరికి వచ్చింది.

"లెక్కలు రానేదు మేష్టారూ. పైనొక అంకె, కింద ఒక అంకె, మజ్జిన గీత. అయి మన బళ్లో సెప్పనేదు గదా?"

చెప్పానమ్మా అనబోయాడు. నోటిదాకా వచ్చింది. నువ్వు వసారాలో ఉన్నావు అనే మాట దాని వెనకే వచ్చింది. రెండూ మింగి, పిల్లని దాలయ్య దగ్గరికి నడిపించాడు.

ఎల్లాజీకి సీటు వచ్చింది. చదువుకుని, ఆ తర్వాత స్టీల్‌ప్లాంటులో ఉద్యోగస్తుడయ్యాడు. చిలకమ్మ కూడా స్టీల్‌ప్లాంటుకే వెళ్లింది, కట్టుబడి పనిలో కాంక్రీటు తట్టలు మొయ్యడానికి. అక్కడే పనిచేసే కుర్రాడిని పెళ్లాడి పేటలోనే కాపురం పెట్టింది. మాస్టారు ఆ వీధి మీదుగా నడవడం మానేశాడు. చుట్టు తిరిగి వెళ్లేవాడు. ఎవరైనా అడిగితే అటు కుక్కలున్నాయి అనేవాడు.

ఏళ్లు గడిచాయి. ఆయన మోకాళ్లు పట్టేశాయి, గొంతు బొంగురుపోయింది, అర్జీలు రాయడం కూడా మానుకున్నాడు. అంతలో ఢిల్లీలో కొత్త విద్యావిధానం వచ్చింది. ప్రతి బడికీ కనీసం ఇద్దరు టీచర్లట. అప్పుడు గుండె చిక్కబట్టుకుని ఆ వీధిలోకి నడిచాడు. చిలకమ్మ కూతురు తాయారుకి అయిదేళ్లు నిండాయి, ఇంకా బళ్లో వెయ్యలేదు.

చిలకమ్మ పని నుంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. లోపల్నించి పీట తెచ్చి వేసింది.

"పిల్లని పంపవేమ్మా?" అన్నాడాయన. "ఈసారి రెండో టీచరు వస్తారు. పైనుంచి ఆర్డరు."

"నా సిన్నప్పుడూ అలాగే అనీవోరు మేష్టారూ."

ఆమె చేతులు కొంగుకి తుడుచుకుంది. మాటలో కోపం లేదు, అలసటే ఉంది.

"పంపుతాను. పంపక ఏటి సేత్తాను, తట్టలు మొయ్యమంటానా? గానీ ఒక్కమాట. మా గుంటకి మీరు పాఠం సెప్పండి. దాని సేత సెప్పించకండి."

"అలాగేనమ్మా," అన్నాడు. పన్నెండేళ్లుగా ఎవరైనా అంటారేమోనని ఆయన తప్పించుకు తిరిగిన మాట అది.

ఆర్డరు నిజమే అయింది. ఆ మరుసటేడు గౌరీశ్వరి టీచరు వచ్చింది. వసారాకి తడికలు కట్టించి చిన్నపిల్లల్ని తను తీసుకుంది. ఆ ఏడాది మాస్టారు జీవితంలో మొదటిసారి ఒక పాఠాన్ని మొదలుపెట్టి చివరిదాకా చెప్పాడు. తాయారు వాళ్లమ్మలాగే అందరికంటే ముందు పలక తెచ్చి చూపించేది. ఆయన దిద్ది, దానికి ఇంకో లెక్క ఇచ్చేవాడు.

తాయారు మూడో తరగతికి వచ్చిన ఏడు ఎన్నికల పనికి గౌరీశ్వరిని డిప్యుటేషన్ మీద పట్టుకుపోయారు. నెలే కదా అన్నారు. ఆ నెల సంక్రాంతి పండగ దాటినా తెమల్లేదు.

ఓ పొద్దున గదిలో ఐదో తరగతి వాళ్లకి భిన్నాలు చెబుతున్నాడు. వసారాలో పలకలు పగులుతున్నాయి, ఎవరో ఏడుస్తున్నారు. తాయారు లెక్క ముగించి చేతులు కట్టుకుని కూర్చుంది. 'తాయారూ' అని పిలవడానికి ఆయన నోరు దానంతటదే తెరుచుకుంది. పళ్లు బిగించి ఆపుకున్నాడు. పిల్ల అది కనిపెట్టేసింది. ఒక్క ఉదుటున లేచింది.

"నాను సెప్తాను మేష్టారూ! మా యమ్మ కూడా సిన్న టీచరమ్మంట గదా! దుమ్ములో రాయించీదంట! ఎంత బాగుండీదో అని ఇప్పుడికీ సెప్తాది!"

ఆయనకి కళ్లు చెమర్చాయి. దాని చేత చెప్పించకండి అని తనతో అన్న చిలకమ్మ, కూతురికి మాత్రం ఇలా చెప్పుకుందన్నమాట.

"కూర్చో తల్లీ."

"నాకు వచ్చు మేష్టారూ!"

"నీకు వచ్చని తెలుసు. అందుకే కూర్చోమంటున్నాను." దాని పలక మీద, మూడో తరగతికి ఇంకా రాని లెక్క ఒకటి వేశాడు. పైన ఒక అంకె, కింద ఒక అంకె, మధ్య గీత.

పిల్ల మొహం మాడ్చుకుని పలక ఒళ్లో పెట్టుకుంది. ఆయన గోడ పట్టుకుంటూ వసారాలోకి వెళ్లి, మోకాళ్లు కలుక్కుమంటుంటే కిందకి దిగి, చిన్నపిల్లల మధ్య చతికిలపడి అఆలు మొదలుపెట్టాడు. గదిలో ఐదో తరగతి వాళ్లు సగంలో ఆగిన లెక్క ముందు పెట్టుకుని ఆయన కోసం ఎదురు చూస్తూ కూర్చున్నారు.